నేపాల్ నూనె, మన గెల: రెంటి తాళం ఢిల్లీ చేతిలోనే

ఇబ్రహీంపట్నం దగ్గర హైదరాబాద్ రోడ్డు నుంచి విడిపోయి మైలవరం, తిరువూరు మీదగా కొత్తగూడెం వైపు పోయే హైవే ఉంది కదా, అది 30వ నెంబరు జాతీయ రహదారి. దాని రెండో కొస ఎక్కడుందో తెలుసా? ఉత్తరాఖండ్‌లోని సితార్‌గంజ్‌లో. అక్కణ్ణుంచి నేపాల్ సరిహద్దు ఎంతో దూరం లేదు. ఇంచుమించు రెండు వేల కిలోమీటర్ల రోడ్డుకి అటు కొసన నేపాల్, ఇటు కొసన మన ఊరు. ఈ రోడ్డుకి రెండు పక్కలా ఒకే సరుకు మీద ఆశ పెట్టుకున్న జనం ఉన్నారు. ఆ సరుకు వంట నూనె.

అక్కడ నూనె శుద్ధి చేసే మిల్లులు, వాటిల్లో పనిచేసే కూలీలు. ఇక్కడ నూజివీడు, బాపులపాడు నుంచి ఏలూరు జిల్లా మెట్ట దాకా పామాయిల్ తోటలేసిన రైతులు. వీళ్లెవరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసి ఎరగరు. కానీ ఇద్దరి బతుకూ ఢిల్లీలో వచ్చే ఒక్క నోటిఫికేషన్‌తో మారిపోద్ది. "నేపాల్ నుంచి నూనె వచ్చి పడి మన రైతుని ముంచుతోంది" అని మన ఫోన్లలో తిరిగే వీడియోల్లో సగమే నిజం. మిగతా సగం ఏంటో చూద్దాం.

ఆయిల్‌పామ్ తోటలే లేని దేశం నుంచి

నేపాల్లో ఆయిల్‌పామ్ తోటలు లేవు. సోయా కొద్దిగా పండినా, దాంతో దేశాలకి ఎగుమతి చేసేంత నూనె రాదు. అయినా 2024 జులై మధ్య నుంచి 2025 జులై మధ్య దాకా నడిచిన వాళ్ల ఆర్థిక సంవత్సరంలో మొత్తం ఎగుమతులు సుమారు 27,700 కోట్ల నేపాలీ రూపాయలైతే, అందులో సోయా నూనె ఒక్కటే 10,600 కోట్ల పైచిలుకు. అంటే మూడో వంతు మించి. ఆ నూనె కొనేది మన దేశమే.

ఇది ఎట్టా సాధ్యం? దారి చూస్తే అర్థమవుద్ది. అర్జెంటీనా నుంచో, ఉక్రెయిన్ నుంచో ముడి సోయా నూనె, ఇండోనేషియా, మలేషియాల నుంచి ముడి పామాయిల్ ఓడల్లో వస్తాయి. నేపాల్‌కి సముద్రం లేదు. అందుకని ఆ సరుకు దిగేది మన కోల్‌కతా, హల్దియా రేవుల్లోనే. నేపాల్ సరుకుకి మన విశాఖ రేవు నుంచి కూడా దారి ఇచ్చారు. 2016లో ఒప్పుకున్నారు, 2017 నుంచి కంటైనర్ల రైళ్లు నడిచాయి. రేవులో దిగిన నూనె మన రోడ్ల మీదగా మన సుంకం పడకుండా బీర్‌గంజ్, విరాట్‌నగర్ మిల్లులకి పోద్ది. అక్కడ శుద్ధి అవుద్ది. మళ్లీ రక్సౌల్, జోగ్‌బనీ గేట్ల గుండా మన దేశంలోకే తిరిగొచ్చిద్ది. ఈసారి దాని పేరు నేపాల్ నూనె. సుంకం సున్నా.

దీనికి ఆధారం దక్షిణాసియా దేశాల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం, సాఫ్టా. 2004 జనవరిలో ఇస్లామాబాద్‌లో సంతకాలయ్యాయి, 2006 నుంచి అమల్లోకి వచ్చింది. ఈ ప్రాంతంలోని బాగా వెనకబడిన దేశాలకి, అంటే నేపాల్, బంగ్లాదేశ్ లాంటి వాటికి, మద్యం, పొగాకు లాంటి 25 రకాలు తప్ప మిగతా అన్నిటి మీదా సుంకం తీసేస్తామని మన దేశం 2011లో చెప్పింది. ఇది కాకుండా నేపాల్‌తో మనకి విడిగా వాణిజ్య ఒప్పందం ఉంది. 1950 నాటిది మొదలు, ఎన్నోసార్లు తిరగరాసుకుంటూ వచ్చారు. ఇప్పుడు నడుస్తున్నది 2009 నాటిది. ఏడేళ్లకోసారి దాన్ని పొడిగిస్తున్నారు.

లాభం నూనెలో లేదు, తేడాలో ఉంది

లెక్క ఇట్టా చూడండి. 2024 సెప్టెంబరులో మన కేంద్రం ముడి నూనె మీద సుంకాన్ని సెస్సులతో కలిపి 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెంచింది. శుద్ధి చేసిన నూనె మీద 13.75 నుంచి 35.75కి పెంచింది. అప్పట్లో రేవులో వంద రూపాయలకి దిగిన ముడి నూనె మన కాకినాడ, కృష్ణపట్నం రిఫైనరీ వాడికి నూట ఇరవై ఏడున్నర పడేది. నేపాల్ మిల్లు వాడికి ఆ ఇరవై ఏడున్నర లేదు. వాళ్ల దేశంలో కట్టే కొద్ది సుంకం, రానూపోనూ లారీ కిరాయి పోయినా ఇంకా చేతిలో మిగులుద్ది. శుద్ధి ఖర్చు ఇద్దరికీ ఒకటే. కాబట్టి అక్కడ అమ్ముడుపోతున్నది నూనె అనుకుంటాం గానీ, అసలు అమ్ముడుపోతున్నది రెండు దేశాల సుంకాల మధ్య తేడా. మనం సుంకం పెంచిన ప్రతిసారీ ఆ తేడా పెరుగుద్ది, అక్కడ మిల్లులు రాత్రీ పగలూ తిరుగుతాయి.

"ఏదో ఒక రూలు ఉండాలి కదా?" అంటారు మీరు. ఉంది. బయటి దేశం సరుకు తెచ్చి పేరు మార్చి పంపితే కుదరదు. సాధారణ నియమం ప్రకారం ఎగుమతి ధరలో కనీసం 30 శాతం విలువ నేపాల్ గడ్డ మీదే కలవాలి. అంటే వంద రూపాయల ముడి నూనె తెచ్చుకుంటే, బయటికి పంపేటప్పుడు దాని ధర నూట నలభై మూడు దాకా ఉండాలి. ఆ నలభై మూడూ వాళ్ల పని, వాళ్ల సరుకు, వాళ్ల లాభం అయ్యుండాలి. ముడి నూనెలో రంగూ వాసనా తీసి డబ్బాల్లో పోసినంత మాత్రాన విలువ అంత పెరుగుద్దా? మన దేశంలోని నూనె మిల్లుల సంఘాలు అడుగుతున్న ప్రశ్న ఇదే. "మా దగ్గర సర్టిఫికెట్ ఉంది, రూలు ప్రకారమే పంపుతున్నాం" అనేది అటు వాళ్ల జవాబు. సర్టిఫికెట్ వెనక ఉన్న లెక్క అడిగే అధికారం మన కస్టమ్స్‌కి 2020 సెప్టెంబరు నుంచే ఉంది. 2025 మార్చిలో ఆ రూల్స్‌ని ఇంకొంచెం బిగించారు కూడా.

ఇది నాలుగోసారి

ఈ కథ కొత్తది కాదు. 1996 ఒప్పందంలో నేపాల్ సరుకుకి విలువ కలపాలనే షరతు తీసేశాం. వెంటనే వనస్పతి వరదలా వచ్చింది. మన వనస్పతి మిల్లులు గోల పెడితే 2002లో షరతు మళ్లీ పెట్టి, వనస్పతికి ఏడాదికి లక్ష టన్నుల హద్దు గీశారు.

తర్వాత వంతు శ్రీలంకది. ఆ దేశంతో ఒప్పందం 1998 డిసెంబరులో కుదిరింది, 2000 మార్చి నుంచి అమలు. అప్పట్లో మన దగ్గర పామాయిల్ మీద సుంకం భారీగా ఉండేది. మన దేశపు పెట్టుబడిదారులే శ్రీలంక వెళ్లి వనస్పతి ఫ్యాక్టరీలు పెట్టారు. ఆ దేశం మలేషియా పామాయిల్‌ని వనస్పతి చేసి మనకి అమ్మింది. కొన్నేళ్లు ఎగుమతుల లెక్క గొప్పగా కనపడింది. మన వాళ్లు కోటా పెట్టారు. ఇంతలో ధరలు మండుతున్నాయని 2008 ఏప్రిల్లో మన కేంద్రం ముడి నూనె సుంకాన్ని ఒక్కసారిగా సున్నా చేసింది. తేడా లేదు, లాభం లేదు. శ్రీలంకలోని ఆ ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. పెట్టుబడి పెట్టినోళ్లు వెనక్కి వచ్చేశారు, కూలి పోయింది మాత్రం అక్కడి కార్మికులకి.

మూడోసారి మళ్లీ నేపాలే. 2018 మార్చిలో మనం ముడి పామాయిల్ మీద బేసిక్ సుంకం 44 శాతానికి, శుద్ధి చేసిన దాని మీద 54కి పెంచాం. నేపాల్ నుంచి పామాయిల్ పోటెత్తింది. 2020 జనవరి 8న మన వాణిజ్య శాఖ శుద్ధి చేసిన పామాయిల్ దిగుమతి మీద ఆంక్ష పెట్టింది. గురి మలేషియా మీదే అని అందరూ అనుకున్నా, దెబ్బ నేపాల్ మిల్లులకీ తగిలింది. వాళ్లు పామాయిల్ వదిలి సోయా నూనెకి మళ్లారు. ఇప్పుడు చూస్తున్నది నాలుగోసారి.

నాలుగుసార్లూ ఒకటే వరస. పెద్ద దేశం గోడ ఎత్తు పెంచుద్ది. పక్కనున్న చిన్న దేశానికి మాత్రం తలుపు తెరిచి ఉంటది. ఆ తలుపు పక్కన ఫ్యాక్టరీలు లేస్తాయి. కొన్నాళ్లకి పెద్ద దేశం గోడ దించుద్ది, లేదా తలుపు మూసుద్ది. ఫ్యాక్టరీలు పోతాయి.

చిన్న దేశం మెడ ఎక్కడ చిక్కింది

నేపాల్‌ని దొంగ అనేయడం తేలిక. వాళ్ల వైపు నిలబడి చూడండి. మూడు పక్కలా మన దేశం, నాలుగో పక్క హిమాలయాలు. వాళ్ల మొత్తం వ్యాపారంలో సుమారు మూడింట రెండొంతులు మనతోనే. వాళ్ల రూపాయి విలువ కూడా 1993 నుంచి మన రూపాయికి కట్టేసి ఉంది, మన రూపాయికి వాళ్లది ఒకటీ అరవై పైసలు. 1989 మార్చిలో వాణిజ్య, రవాణా ఒప్పందాల గడువు తీరిపోయి కొత్తవి కుదరకపోతే, మన వాళ్లు రెండు గేట్లు తప్ప మిగతావి మూసేశారు. కిరసనాయిలు కోసం కాఠ్మాండూలో క్యూలు కట్టారు. 2015లో భూకంపం వచ్చిన కొన్ని నెలలకే సరిహద్దులో లారీలు ఆగిపోయి పెట్రోలు, గ్యాసు, మందులు కరువయ్యాయి. దిగ్బంధనం అని వాళ్లన్నారు, మాధేశీ ఆందోళనల వల్లే అని మన ఢిల్లీ అంది. కారణం ఏదైనా, పొయ్యి ఆరింది అక్కడి ఇళ్లల్లో.

ఇంకో సంగతి. నేపాల్ రైతు నిజంగా పండించేవి పెద్ద యాలకులు, తేయాకు, అల్లం. ఇవి మన గేటు దగ్గరికి వస్తే ల్యాబు పరీక్షలు, క్వారంటైన్ కాగితాలు. రిపోర్టు వచ్చేదాకా లారీ అక్కడే. పాడైపోయే సరుకుకి రోజులు ఆగడమంటే ధర పోయినట్టే. అర్జెంటీనా సోయా నూనె నేపాల్ పేరుతో సాఫీగా దాటుతుంటే, నేపాల్ అల్లం నేపాల్ పేరుతోనే గేటు దగ్గర కూర్చుంటోంది. ఒప్పందం మీద రాసింది చిన్న దేశం రైతు పేరు, అందులో ఎక్కువ లాభం తింటున్నది నాలుగు రిఫైనరీలు. ఈ మాట మనం ఇక్కడ కూర్చుని అనక్కర్లేదు, నేపాల్ ఆర్థికవేత్తలే అంటున్నారు.

మన తోట లెక్క

ఇప్పుడు రోడ్డుకి ఇటు కొస. దేశంలో పండే ఆయిల్‌పామ్ గెలల్లో సింహభాగం ఆంధ్ర, తెలంగాణలవే. ఏలూరు పక్కన పెదవేగిలో కేంద్ర ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉన్నది అందుకే. ఎకరాకి 57 మొక్కలు. నాటిన నాలుగో ఏటి నుంచి కాపు. తర్వాత పాతికేళ్లకి పైనే చెట్టు అక్కడే ఉంటది. మిర్చి రేటు పడితే వచ్చే ఏడు మొక్కజొన్న వేసుకోవచ్చు. ఆయిల్‌పామ్ చెట్టుతో అట్టా కుదరదు. కోసిన గెలని నిల్వ పెట్టుకునే వీలు కూడా లేదు, ఒకటి రెండు రోజుల్లో మిల్లుకి చేరకపోతే నూనె చెడిపోద్ది.

గెల రేటు ఎట్టా కడతారు? ముడి పామాయిల్ ధర, గెలలో వచ్చే నూనె శాతం, పప్పు విలువ. ముడి పామాయిల్ ధర ఎక్కడ తేలుద్ది? కౌలాలంపూర్, జకార్తాల్లో. దాని మీద మన సుంకం కలిస్తే మన మార్కెట్ ధర. కాబట్టి మన రైతు గెలలో ఒక ముక్క మలేషియా చేతిలో, ఒక ముక్క ఢిల్లీ చేతిలో ఉంటది.

2018లో మొక్క నాటిన రైతుని తీసుకోండి. నాటినప్పుడు సుంకం 44. ఆ మొక్క కాపుకొచ్చిన 2022కి సుంకం సెస్సుతో కలిపి 5.5. ఆ ఏడాది వేసవిలో ఇండోనేషియా ఎగుమతులు ఆపేసింది కాబట్టి గెల టన్ను ఇరవై వేలు దాటి ఆశ పెట్టింది, నెలలు తిరక్కుండానే కిందకి జారిపోయింది. 2024 సెప్టెంబరులో సుంకం పెంచాక పద్నాలుగు, పదిహేను వేల దగ్గరున్న గెల ఆ ఏడాది చివరికి ఇరవై వేలకి చేరింది. 2025 మే 30న ముడి నూనె సుంకాన్ని మళ్లీ 16.5కి దించారు. ఏడేళ్లలో 44 నుంచి ఐదున్నర, అక్కణ్ణుంచి 27.5, మళ్లీ 16.5. చెట్టు వయసు పాతికేళ్లు, సుంకం వయసు ఎనిమిది నెలలు.

ఇక నేపాల్ నూనె వల్లే మన గెల రేటు పడిందంటే అది నిజం కాదు. మన దేశం ఏటా సుమారు 160 లక్షల టన్నుల వంట నూనె కొంటోంది. తినేదాంట్లో సగానికి పైనే బయటిది. అందులో నేపాల్ వాటా చిన్నది, అది కూడా ఎక్కువగా బీహార్, యూపీ, బెంగాల్ మార్కెట్లకే పోద్ది. నష్టం వేరే చోట ఉంది. ఖజానాకి రావాల్సిన సుంకం రాదు. మన రిఫైనరీలు ఖాళీగా ఉంటాయి. "సుంకం పెంచినా నేపాల్ గుండా వస్తూనే ఉంది కదా, పెంచి లాభమేంటి?" అనే వాదనకి బలం వచ్చిద్ది. 2025 మేలో ముడి నూనె సుంకం దించాలని పరిశ్రమ వాళ్లు గట్టిగా అడిగిన కారణాల్లో ఇదీ ఒకటి. దించితే రిఫైనరీకి మేలు. గెల కోసే రైతుకి దెబ్బ. రిఫైనరీల వాళ్లకి ఢిల్లీలో సంఘాలున్నాయి. గెల రైతు తరఫున ఆ గదిలో ఎవరున్నారు?

బజ్జీల బండి మాట కూడా వినాలి

సుంకం ఎప్పుడూ పైనే ఉంచాలి అనడం కూడా సరి కాదు. 2024లో సుంకం పెంచింది దసరా ముందు. కిరాణా కొట్లో పామాయిల్ ప్యాకెట్ రేటు రోజుల్లోనే లేచింది. మిర్చి బజ్జీల బండి పెట్టుకున్న ఆవిడకి, హాస్టల్ మెస్సుకి, కూలి డబ్బుతో రోజుకో ప్యాకెట్ కొనుక్కునే ఇంటికి ఆ పెంపు నేరుగా తగిలింది. రైతుకి ధర ఇవ్వాలంటే ఆ భారమంతా బజ్జీల బండి మీదే వేయాలా? సుంకం కింద వచ్చిన డబ్బు కేంద్రం ఖజానాకే పోతోంది. అందులోంచి రైతుకి కనీస ధర హామీ ఇవ్వొచ్చు, పేదలకి రేషన్లో నూనె ఇవ్వొచ్చు.

2021లో కేంద్రం 11,040 కోట్లతో ఆయిల్‌పామ్ మిషన్ మొదలుపెట్టింది. అందులో వయబిలిటీ ప్రైస్ అనే ఏర్పాటు ఉంది. గత ఐదేళ్ల ముడి నూనె సగటు ధరని లెక్కగట్టి, దానికి తగ్గ గెల ధర కన్నా మార్కెట్ రేటు పడిపోతే తేడా రైతు ఖాతాలో వేయాలి. కాగితం మీద ఇది మంచి ఆలోచన. కానీ ఐదేళ్ల సగటులో ఎరువు రేటు లేదు, గెల కోసే కూలి రేటు లేదు. పైగా ఈ ఏర్పాటుకి 2037 దాకానే గడువు పెట్టారు. ఇప్పుడు మొక్క నాటే కుర్రోడి తోట అప్పటికి మంచి కాపు మీద ఉంటది.

ఏం అడగాలి

నేపాల్‌ని తిట్టుకుంటూ కూర్చుంటే మన గెలకి రూపాయి రాదు. అడగాల్సినవి వేరే ఉన్నాయి.

ఒకటి, వంట నూనె సుంకానికి ఒక సూత్రం. అంతర్జాతీయ ధర ఇంత ఉంటే సుంకం ఇంత, అంతకు మించి పెరిగితే సుంకం ఇంత తగ్గుద్ది అని ముందే రాసిపెట్టాలి. అప్పుడు రైతుకీ తెలుసుద్ది, కొనుక్కునేవాళ్లకీ తెలుసుద్ది, బీర్‌గంజ్ మిల్లు పెట్టేవాడికీ తెలుసుద్ది. అర్ధరాత్రి నోటిఫికేషన్ల మీద పాతికేళ్ల పంట నడవదు.

రెండు, సర్టిఫికెట్ల వెనక లెక్క చూడటం. తలుపు మూసేయమని కాదు. నేపాల్లో పండింది, నేపాల్ చేతులు పడి విలువ పెరిగింది ఏదైనా సుంకం లేకుండా రానివ్వాలి. ఆ అల్లం లారీకి గేటు దగ్గరే ల్యాబు పెట్టి ఒక్క రోజులో పంపించాలి. ముప్పై శాతం నిజంగా కలవని నూనెకి మాత్రం అందరికీ పడే సుంకమే పడాలి. 2026 నవంబరు 24కి నేపాల్ బాగా వెనకబడిన దేశాల జాబితా నుంచి బయటికి రావాలని ఐక్యరాజ్య సమితి గడువు పెట్టింది. సాఫ్టా కింద వచ్చే మినహాయింపుల సంగతి అప్పుడెలాగూ మాట్లాడుకోవాలి. ఈ రూలు సరిచేసుకోడానికి అంతకన్నా మంచి అదను లేదు.

మూడు, వయబిలిటీ ప్రైస్‌లో సాగు ఖర్చు కలపాలి, 2037 గడువు తీసేయాలి. మన ఏలూరు, విజయవాడ, మచిలీపట్నం ఎంపీలు పార్లమెంటులో నిలబడి అడగాల్సిన ప్రశ్న ఇది. వాళ్లు అడిగారా లేదా అన్నది లోక్‌సభ వెబ్‌సైట్లో పేరు కొట్టి చూస్తే ఫోన్లోనే కనపడుద్ది.

చివరగా మన కుర్రోళ్లకి ఒక మాట. ఈ ఏడు మీ ఇంట్లో నాన్నో, బాబాయో "ఆయిల్‌పామ్ వేద్దాం, మొక్కలు ఫ్రీ, డ్రిప్పు సబ్సిడీ" అంటే వద్దని చెప్పమని నేననను. నీళ్లున్న చేలో అది మంచి పంటే. కానీ సంతకం పెట్టే ముందు మిల్లు వాళ్ల కాగితంలో మూడు చూడండి: నూనె శాతం ఎంత కట్టి రేటిస్తున్నారు, రేటు పడితే తేడా ఎవరిస్తారు, ఆ తేడా ఇంతకుముందు ఎవరికైనా వాళ్ల ఖాతాలో పడిందా. మూడోదానికి జవాబు కావాలంటే మిల్లు ఆఫీసులో అడగొద్దు. పక్కూళ్లో ఆరేడేళ్ల తోట ఉన్న రైతుని అడగండి.